మీసాలోడి పెరటాసి

మంచం తీసుకుపోయి మెట్ల కింద వేసిన రోజున మునిరత్నమ్మ కాదనలేదు.

తిరుపతి ఊరి చివర కాంట్రాక్టరు ఢిల్లీబాబు కట్టించిన రెండంతస్తుల మిద్దెలో, హాలు పక్కనే ఒక చిన్న గది ఉండేది. కిటికీ ఉన్న గది. పడుకుని తల తిప్పితే కొండ కనిపించేది. ఢిల్లీబాబు కూతురు లోహిత పుట్టినప్పటి నుంచీ మునిరత్నమ్మ ఆ గదిలోనే ఉంది. ఒకరోజు వాస్తు చూసే పెద్దమనిషి వచ్చాడు. హాలుకు ఈశాన్యం మూసుకుపోయింది, ఆ గోడ కొట్టేసి అక్కడ నీళ్లు పెట్టండి, నీళ్లలో నల్లటి చేపను పెంచండి, ఇంటి మీద పడే దిష్టినంతా అది లాక్కుంటుందని చెప్పి, కాఫీ తాగి వెళ్లాడు. గోడ పోయింది. గోడతో పాటు గదీ పోయింది. కొండ కనిపించిన చోట నాలుగడుగుల గాజుతొట్టి వచ్చి కూర్చుంది. మునిరత్నమ్మ మంచం మెట్ల కిందికి, ఇన్వర్టరు పక్కకు, చీపుళ్లూ పాత చెప్పులూ పడేసే చోటికి జరిగింది. అక్కడ నిటారుగా నిలబడటానికి వీల్లేదు. కాళ్లు చాపుకుంటే పాదాలు తలుపు దాటి హాల్లోకి వస్తాయి.

"ఏం సిన్నమ్మా, ఇబ్బంది లేదు గదా?" అన్నాడు ఢిల్లీబాబు.

"నాకేంది నాయనా, యాడో ఒక తావున ముడుక్కుంటా" అంది ఆమె.

ఆ రోజు నుంచి ముడుక్కునే పడుకుంది.

ఆమె ఆ ఇంట్లో పనిమనిషి కాదు. పనిమనిషైతే జీతం అడుగుతుంది, ఒళ్లు బాగాలేదని రెండు రోజులు మానేస్తుంది, మరీ మాట పడాల్సి వస్తే కొంగు దులుపుకుని పక్కింటికి పోతుంది. మునిరత్నమ్మ 'మన మనిషి'. ఢిల్లీబాబు తల్లికి సొంత చెల్లెలు. శ్రీకాళహస్తి దగ్గర పల్లెలో మెట్టసేద్యం చేసుకుని బతికింది. పిల్లలు కలగలేదు. మొగుడు పోయాక మరుదులు ఆమె వాటా చేనును తమ చేలో కలిపి దున్నేసుకున్నారు. అప్పుడూ కాదనలేదు. ఢిల్లీబాబు భార్య ప్రసన్నకుమారి పురిటికి సాయంగా వచ్చి రెండు నెలలు ఉండి పొమ్మని అక్క కబురు పెడితే వచ్చింది. అక్క పోయింది. ఆ పురిట్లో పుట్టిన లోహిత ఆరో తరగతికి వచ్చింది. ఆ రెండు నెలలు మాత్రం ఇంకా అయిపోలేదు. వంట ఆమెదే, అంట్లు ఆమెవే, పిల్ల జడ, ప్రసన్నకుమారి కాళ్లనొప్పులకు నూనె, వాకిట్లో ముగ్గు, అన్నీ ఆమెవే. సొంత మనిషి చేతిలో జీతం పెడితే అవమానించినట్టు అవుతుందట. ఈ నీతిని కనిపెట్టినవాళ్లు ఏనాడూ సొంత మనిషి తిన్న కంచం కడిగి ఉండరు.

తొట్టిలోకి చేపను అంగట్లో లోహితే ఎంచుకుంది. వేలెడు పిల్ల. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, ఎర్రటి తోక, మూతికి పొడుగాటి మీసాలు. పెద్దదైతే ఎట్లా అని ప్రసన్నకుమారి అనుమానంగా అడిగితే అంగడివాడు నవ్వాడు.

"తొట్టి ఎంతుంటే చేప అంతే పెరుగుతాది మేడమ్. ఇల్లు సూసుకోని పెరిగే జాతి ఇది."

అబద్ధం. అది ఎక్కడో దక్షిణ అమెరికా నదుల్లో మనిషి పొడవుకు దగ్గరగా పెరిగే జాతి. తొట్టిని చూసి ఏ చేపా పెరుగుదల ఆపుకోదు. ఎముక పెరుగుతూనే ఉంటుంది, చోటు లేకపోతే వంకర తిరుగుతుంది. కానీ ఆ అబద్ధం వినడానికి హాయిగా ఉంటుంది. ఎవరినైనా ఎంత ఇరుకులో పెట్టినా వాళ్లే సర్దుకుంటారని నమ్మడం చాలామందికి అలవాటైన సుఖం.

ఆ చేపపిల్ల మొదట తోడుగా తొట్టిలో వేసిన రంగుచేపలన్నిటినీ మింగింది. తర్వాత గిన్నెడు కోడిముక్కలు తినడం మొదలుపెట్టింది. ప్రసన్నకుమారికి ఆ వాసన పడదు కాబట్టి తిండి పెట్టే పని మునిరత్నమ్మకే వచ్చింది. ఆమె దానికి మీసాలోడని పేరు పెట్టింది. నీళ్లలో చెయ్యి ముంచితే చాలు, పైకి వచ్చి, గరుకు కాగితం లాంటి పెదవులతో వేళ్లను పట్టి చూసి, ముక్కను మాత్రమే లాక్కుని వేళ్లు వదిలేసేది.

"మర్యాద తెలిసినోడివిరా నువ్వు. ఈ ఇంట్లో నా చెయ్యి వదిలిపెట్టేది నువ్వొకడివే" అనేది ఆమె, ఎవరూ లేనప్పుడు.

రెండేళ్లు తిరిగేసరికి మీసాలోడికి తొట్టి చాలలేదు. తోక ఒక గోడకు, మూతి ఇంకో గోడకు. వెనక్కి తిరగాలంటే విల్లులా వంగి, ఒళ్లంతా గాజుకు రాసుకుంటూ తిరగాలి. రాసుకుని రాసుకుని మూతి మీద తోలు లేచి పుండు పడింది. వచ్చిన చుట్టాలందరూ ఫోన్లు తీసి ఫొటోలు పట్టేవాళ్లు. "అబ్బా, ఏం చేపప్పా!" అని ఢిల్లీబాబు వీపు తట్టేవాళ్లు. పుండు ఎందుకు పడిందని ఒక్కరూ అడగలేదు.

అంతలో పెరటాసి వచ్చింది.

తిరుపతి, చిత్తూరు వైపు పెరటాసి అంటే వెంకటేశ్వరస్వామి నెల. ఆ నెలంతా ఇంట్లోకి నీసు, అంటే చేపా మాంసమూ, రాదు. శనివారాలు ఒంటిపూట తింటారు. ఏదో ఒక శనివారం తళిగ వేస్తారు. అరిటాకు మీద అన్నం, పప్పు, పులిహోర, వడలు రాశిగా పోసి, గోవింద కొట్టి, బంధువులను పిలిచి పెడతారు. నాయుడుపేట దగ్గర కొత్త ఫ్యాక్టరీకి ప్రహరీ కట్టే పని తనకు దక్కాలని ఢిల్లీబాబు ఆ ఏడు గట్టిగా మొక్కుకున్నాడు. ఇంట్లో ఉన్న ఏ ప్రాణీ నీసు ముట్టకుండా పెరటాసి గడుపుతానన్నది మొక్కు.

"మరి చేపకో?" అంది మునిరత్నమ్మ, కోడిముక్కల గిన్నె చేత్తో పట్టుకుని.

"చేప ఈ ఇంట్లో ప్రాణి కాదా సిన్నమ్మా? దానికీ పెరటాసే."

ప్రసన్నకుమారి పకపకా నవ్వింది. "అయితే దానికీ నామం పెట్టేస్తే పోలా!"

"నవ్వబాకు. పొంగలి పెట్టు సిన్నమ్మా, పెరుగన్నం పెట్టు. ఆకలైతే అదే తింటాది. నెల్నాళ్లు పస్తున్నా చావదంట, అంగడోడే చెప్పినాడు."

చావదు, నిజమే. చావకపోవడాన్ని సుఖంగా ఉండటం కింద లెక్కేసుకునే ఇల్లు అది.

మునిరత్నమ్మ పొంగలి ఉండ చేసి నీళ్లలో పెట్టింది. మీసాలోడు ఆత్రంగా అందుకుని, నోట్లో తిప్పి, ఉమ్మేశాడు. పెరుగన్నం పెడితే నీళ్లు తెల్లగా విరిగి పులిసిన కంపు కొట్టాయి. ఆ నీళ్లు బకెట్లతో తోడి పోసే పనీ ఆమెదే. మొదటి శనివారం గడిచేసరికి వాడు తొట్టి అడుగున పరిచిన గులకరాళ్లను నోట్లోకి తీసుకోవడం మొదలుపెట్టాడు. తీసుకోవడం, నమలబోవడం, వదిలేయడం. రాయి గాజుకు తగిలి టక్కుమనేది. కాసేపటికి మళ్లీ టక్కు. మెట్ల కింద ముడుక్కున్న మునిరత్నమ్మ తెల్లవారుజామున ఆ చప్పుడుకే లేచేది. పల్లెలో కరువు ఏడాది, చిన్నప్పుడు, చింతగింజలు నోట్లో వేసుకుని చప్పరిస్తూ పడుకున్న పూటలు ఆమెకు గుర్తుకొచ్చేవి.

పెరటాసి అయ్యేదాకా వీడిని ఎట్లాగైనా నిలబెట్టుకోవాలి. ఆ నెలలో ఆమెకు ఇంకో ఆలోచన లేదు.

సందు చివర సుబ్బులమ్మ గంప పెట్టుకుని చేపలమ్మేది. పెరటాసిలో బేరాలు లేక, ఈగలు తోలుకుంటూ కూర్చుంది. నుదుట నామంతో మునిరత్నమ్మ ఎదురుగా నిలబడేసరికి నోరు తెరిచింది.

"పెరటాసిలో నాకాడికి వచ్చినావేంది సిన్నమ్మా? నీ కండ్లు పొయ్యేది గాక, నా కండ్లు గూడా పోతాయి!"

"నాకు కాదే. ఇంట్లో ఒకడుండాడు, ఆకలికి రాళ్లు నములుతా ఉండాడు."

"ఎవురా మొగోడు? ఈ వయసులో?"

"మీసాలున్నాయిలే" అంది మునిరత్నమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు. చానాళ్లకు నవ్వింది ఆమె. సుబ్బులమ్మ అమ్ముడుపోని చిన్నచేపలు పిడికెడు ఆముదం ఆకులో చుట్టి ఇచ్చింది. "రోజూ రా. పారేసేదే గదా" అంది.

మునిరత్నమ్మ మొక్కును తేలిగ్గా తీసుకునే మనిషి కాదు. చన్నీళ్లు తలకు పోసుకుని, ఇంట్లోవాళ్లు లేవకముందే ఆకు విప్పి, మీసాలోడికి ఒక్కొక్కటే అందించి, మళ్లీ తలకు పోసుకునేది. తడి వెంట్రుకలతో దేవుడి పటం ముందు నిలబడి, "సామీ, నా మొక్కు నాది, వాడి కడుపు వాడిది. తప్పంటే నన్నడుగు" అనేది. దగ్గు పట్టుకుంది. అయినా మానలేదు. రాళ్ల చప్పుడు ఆగింది.

చివరి శనివారం తళిగ.

హాలు నిండా చుట్టాలు. తొట్టికి ఎదురుగా అరిటాకు మీద రాశి. గోవింద కొట్టారు, హారతి అయింది, భోజనాల బంతులు సాగాయి. మునిరత్నమ్మ తెల్లవారకముందు నుంచీ పొయ్యి దగ్గరే ఉంది. ఇంకా ఏమీ తినలేదు. వడలగంప తీసుకుని హాల్లోకి వచ్చేసరికి, ప్రసన్నకుమారి తమ్ముడు ధర్మేంద్ర తొట్టి ముందు నిలబడి ఉన్నాడు. నుదుట నిలువెత్తు నామం, చేతిలో వడ.

"బావా, ఇది చేపనా, పందినా? నెలంతా పస్తుండి గూడా ఇంత లావుండాదేంది?"

"భక్తి బలిసినాది" అన్నాడు ఢిల్లీబాబు. అందరూ నవ్వారు.

ధర్మేంద్ర తొట్టి మూత పక్కకు జరిపి వడ వేశాడు. మీసాలోడు ముట్టలేదు. లడ్డు వేశాడు. ముట్టలేదు. అరచేత్తో గాజును దబదబా బాదాడు. మీసాలోడు బెదిరి వంగి తిరగబోయి, పుండు పడ్డ మూతిని గోడకు కొట్టుకున్నాడు. నీళ్లలో ఎర్రటి చార లేచింది.

"కొట్టబాకు నాయనా, బెదురుకుంటాది" అంది మునిరత్నమ్మ.

"నువ్వుండు సిన్నమ్మా! మన చేపకు ఏమేస్తే మింగుతాదో సూస్తాం." లోహిత ఆడుకునే ఎర్రటి రబ్బరు బంతి సోఫాలో ఉంటే ధర్మేంద్ర దాన్ని తీసి తొట్టిలోకి విసిరాడు.

"మామా, అది నాది!" అని లోహిత అరిచింది.

బంతి నీళ్ల మీద ఊగింది. బెదిరిన చేప కదిలిన దానిపైకి దూకుతుంది. మీసాలోడు నోరు తెరిచాడు, బంతి పోయింది. హాలంతా చప్పట్లు.

చప్పట్లు ఆగకముందే వాడి ఒళ్లు మెలిక తిరిగింది. తోక తొట్టి మూతను కొట్టింది. నీళ్లు చిమ్మి తళిగ ఆకు మీద పడ్డాయి. దవడలు తెరుచుకున్నాయి. గొంతుకు అడ్డం పడ్డ బంతి కదల్లేదు. దాని సందుల్లోంచి, పొద్దున తిన్న చిన్నచేపలు సగం అరిగి, పొలుసులతో సహా బయటికి వచ్చి నీళ్లంతా తేలాయి. నీసు వాసన కర్పూరాన్ని మింగేసింది.

ప్రసన్నకుమారి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"సామి ఎదురుగా నీసు! ఎవురు పెట్టినారు దీనికి?"

"నేనే" అంది మునిరత్నమ్మ.

"ఎన్నాళ్లుగా?" అన్నాడు ఢిల్లీబాబు.

"రాళ్లు నమలబట్టినప్పటి నుంచి. మొక్కుకున్నది మనం నాయనా. అది మొక్కుకోలేదు గదా."

"ఏమే!" అన్నాడు ఢిల్లీబాబు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ సిన్నమ్మా అన్న నోరే అది. "కూడు పెట్టి నీడ ఇస్తే నా మొక్కు చెడగొడతావా? నా పని పాడు చేసేదానికే వచ్చినావా ఈడికి?"

ఆమెకు ఆ మాటలు వినపడ్డట్టు లేదు. తొట్టివైపే చూస్తోంది. మీసాలోడి మొప్పలు ఆత్రంగా కొట్టుకుంటున్నాయి. "తిట్టేది తర్వాత తిట్టు నాయనా. బంతి గొంతులో ఉండాది. ఎవురన్నా ఒకరు రవ్వంత పట్టుకోండి. నేను నోట్లో చెయ్యి పెట్టి తీసేస్తా. ఒక్క నిమిషం."

హాలు నిండా మగవాళ్లు. వంతెనలు కట్టేవాళ్లు, ట్రాక్టర్లు నడిపేవాళ్లు, వేటపోతును భుజాన వేసుకుని మోసినవాళ్లు. అందరి నుదుటా నామాలు. ఒకాయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఇంకొకాయన, "పెరటాసిలో నీసు ముట్టుకుంటే ఇన్నాళ్లు నిష్ఠగా ఉన్నదంతా పోతాది గదా సిన్నమ్మా" అన్నాడు నెమ్మదిగా, న్యాయం చెబుతున్నట్టు. బంతి వేసిన ధర్మేంద్ర, "చేప కోసరం మళ్లా తలకు పోసుకోవాల్నా? తడి గుడ్డల్తో మా ఊరికి పొయ్యేదెట్ల?" అన్నాడు.

మునిరత్నమ్మ కొంగు బిగించి ఒక్కతే రెండు చేతులూ ముంచింది. అంత బరువును ఆమె ఆపలేకపోయింది. వాడు విదిలించుకున్నాడు. రెక్క ముల్లు అరచేతిని చీల్చుకుంటూ పోయింది. మళ్లీ ముంచింది. మళ్లీ జారింది. చుట్టూ ఉన్నవాళ్లు బట్టలకు నీళ్లు పడకుండా వెనక్కి జరిగారు. అంతే చేశారు.

తర్వాత ఆమె చేతనే ఆ నీసంతా ఎత్తించారు. హాలు కడిగించారు. అరచేతికి గుడ్డ కట్టుకోవడానికి ఆగితే, "బిన్నా కానీ" అని తొందరపెట్టింది ప్రసన్నకుమారి. తళిగ అన్నం ఆమెకు పెట్టలేదు. నీసు ముట్టిన మనిషికి పెట్టకూడదన్నారు. తళిగ వండింది ఆ చేతులే అన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇద్దరు కూలీలను పిలిపించి, మీసాలోడిని తడి గోనెసంచిలోకి ఎక్కించి, ఆటోలో ఆమె పక్కన పడేశారు. బట్టల సంచి ఒడిలో విసిరారు.

"నువ్వు మేపిన చేప గదా, నువ్వే తీసుకోని పో. మళ్లా ఈ గడప తొక్కబాకు" అన్నాడు ఢిల్లీబాబు.

లోహిత మెట్ల మీద నిలబడి ఏడుస్తోంది. తల్లి లోపలికి లాక్కుపోయింది.

ఆటో నడిపే ఓబయ్యకూ నామం ఉంది. సందు తిరిగాక, సంచిలోంచి గురక లాంటి శబ్దం వచ్చింది. ఓబయ్య ఉలిక్కిపడి ఆటో ఆపాడు.

"ఏముందిమా దాంట్లో? పసిబిడ్డా?"

ఆమె చెప్పింది. "రవ్వంత పట్టుకుంటావా నాయనా?" అని అడిగింది, కాదంటాడన్న నమ్మకంతోనే.

"నాకూ పెరటాసే సిన్నమ్మా. కడుక్కుంటే పోతాది, దానికేమి?" అని ఓబయ్య సంచిని ఒడిలోకి లాక్కుని, రెండు చేతులతో చేప దవడలు పట్టుకున్నాడు. మునిరత్నమ్మ గుడ్డ కట్టిన చేతిని మీసాలోడి నోట్లో మోచేతి దాకా పెట్టింది. బంతి ఒక్క లాగుకు వచ్చేసింది. హాలు నిండా మనుషులు చేయలేని పని రోడ్డు పక్కన ఒక్క మనిషి సాయంతో అయిపోయింది.

మీసాలోడు ఇంకోసారి గురక పెట్టాడు. అలవాటు కొద్దీ ఆమె వేళ్లను పెదవులతో పట్టి చూశాడు. ముక్క లేదని తెలిసి వదిలేశాడు. ఆ తర్వాత కదల్లేదు.

స్వర్ణముఖి ఒడ్డున ఇసుకలో గుంత తీసి పూడ్చారు. గుంతలో వాడిని నిలువునా చాపి పడుకోబెట్టింది మునిరత్నమ్మ. రెండేళ్ల తర్వాత వాడి ఒళ్లు తిన్నగా చాచుకుంది అప్పుడే. అయినా వెన్ను వంకర పోలేదు. బంతిని కడిగి బట్టల సంచిలో వేసుకుంది, లోహితది కదా అని.

ఇప్పుడు ఆమె సుబ్బులమ్మ ఇంట్లోనే ఉంటోంది. సందు చివర గంప దగ్గర కూర్చుని చేపలు శుభ్రం చేసి ఇస్తుంది. అరచేతి గాయం సరిగా మానక, రెండు వేళ్లు ముడుచుకుపోయాయి. ఢిల్లీబాబుకు ఆ ప్రహరీ పని దక్కింది. దిష్టంతా చేపతోనే పోయిందని, తళిగ పూట చావడం మంచి శకునమని అతను అందరికీ చెబుతున్నాడు. కారు ఆ సందులోంచే పోతుంది. అద్దాలు దిగవు. లోహిత మాత్రం వెనక సీట్లోంచి తల తిప్పి చూస్తుంది. పెద్దింటి ఆడమనిషి చేపల గంప ముందు కూర్చుని పరువు తీసిందని చుట్టాల్లో మాట.

ఈశాన్యం మూల తొట్టిలోకి మళ్లీ వేలెడు పిల్ల వచ్చింది. ఎర్రటి తోక, పొడుగాటి మీసాలు. తొట్టి ఎంతుంటే అంతే పెరుగుతుందని అంగడివాడు మళ్లీ చెప్పాడు. వాళ్లు మళ్లీ నమ్మారు. ఇంట్లో పనికి ఇబ్బందిగా ఉందని, ఒంటరిగా ఉన్న మన మనిషి ఎవరన్నా ఉంటే పంపమని ప్రసన్నకుమారి ఊళ్లన్నిటికీ ఫోన్లు చేస్తోంది.

ఆ ఫోను మీ ఇంటికే రావచ్చు. వస్తే, జీతమెంత, గది ఏది, సెలవెప్పుడు అని అడగండి. అడిగితే వాళ్లు నొచ్చుకుంటారు, నొచ్చుకోనివ్వండి. జవాబు రాకపోతే మీ పెద్దమ్మనో మేనత్తనో పంపకండి. చేపల అంగట్లో వేలెడు పిల్లను చూపిస్తే ధర అడిగే ముందు, ఇది ఎన్నడుగులు పెరుగుతుందని అడగండి. తొట్టిని చూసి పెరుగుతుందని ఎవరైనా చెబితే, అది అబద్ధమని అక్కడే, పక్కన కొనబోయేవాళ్లకు వినపడేలా అనండి. ఇప్పటికే మీ హాల్లో మూతి పుండుపడిన చేప ఉంటే, చీకట్లో తీసుకుపోయి చెరువులో వదిలేయకండి, అక్కడి చేపలన్నిటినీ తినేస్తుంది. పశువైద్యులనో మత్స్యశాఖ వాళ్లనో పిలిచి చోటు చూడమని వెంటపడండి. ఈ పత్రిక కింద పెట్టగానే లేచి మీ ఇంటి మెట్ల కిందికి ఒకసారి వంగి చూడండి. అక్కడ ఎవరైనా ముడుక్కుని ఉంటే, ఇబ్బందిగా ఉందా అని అడగకండి. లేదనే అంటారు. మంచం తీసుకొచ్చి కిటికీ ఉన్న గదిలో వేయండి.